తువ్వాల కింది చేయి

సరుకు పేరు విడుదల. ధర ఒక్క మాట. "తప్పయింది" అంటే చాలు, మనిషి ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇంతకంటే చవక బేరం నేను పుట్టి పెరిగిన ఉస్మాన్‌గంజ్ బజారులో కూడా చూడలేదు. అయినా ఒకనాడు మధ్యాహ్నం మొదలుపెట్టి కోర్టు లేచేదాకా ఆ సరుకును ఒక్క మనిషికి అమ్మలేకపోయాను.

కోర్టు కొలువులో కొత్తగా చేరిన మీలో కొందరు నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్ళలో పెద్ద పెద్ద కేసులు చూసి ఉంటారు, ఒకటి చెప్పండి సార్ అని. పెద్ద కేసుల్లో బెంచ్ క్లర్కుకు పని తక్కువ. వేదిక కింద కూర్చుని పేరు పిలవడం, ఫైలు అందించడం, వాయిదా రాసుకోవడం. అందులో మన ప్రతాపమేమీ ఉండదు. నా నోటి మాట వల్ల నడిచిన కేసు ఒక్కటే ఉంది. అది చాలా చిన్నది. అంత చిన్నదీ హైకోర్టు దాకా వెళ్ళింది. అక్కడి తీర్పులో నేనన్న ఒక మాట కొటేషన్ గుర్తుల మధ్య అచ్చయింది. అన్నవాడి పేరు లేదు. అంతవరకు నా అదృష్టం.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి, తర్వాత ఎలాగూ పోతుంది.

మా నాన్నది ఎండుమిరపకాయల దుకాణం. అప్పట్లో టోకు బేరాలు నోటితో చేసేవారు కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుకుని పైన తువ్వాల కప్పుకునేవారు. లోపల వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. పక్క దుకాణంవాడికి తెలియకూడదని ఆ ఏర్పాటు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత, అరచేయి గీరితే సగం. సాయంత్రం గిరాకీ తగ్గాక మా నాన్న నా చేతి మీద తన భుజం మీది తువ్వాల వేసి పరీక్ష పెట్టేవాడు. కొన్నాళ్ళకు నాకు లోపలి వేళ్ళతో పని లేకుండా పోయింది. బయట భుజం కదిలే తీరు చూసి, బేరం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేసేవాణ్ణి. "వీనికి కండ్లల్లనే తరాజు ఉన్నది" అని నాన్న నలుగురిలో అనేవాడు. ఆ మాట నా బుర్రలోంచి ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. కూరగాయల బండి దగ్గర నేను బేరమాడుతుంటే మా ఆవిడ నన్నెరగనట్టు నాలుగడుగులు దూరంగా నిలబడుతుంది.

ఇక కేసు. ఊళ్ళ నుంచి గొల్లలు మందలు తోలుకొస్తారు, నగరంలోని కసాయి దుకాణాలవాళ్ళు కొంటారు. మధ్యలో దలాల్ ఉంటాడు. మేకల మండీలో ఇవాళ్టికీ బేరం తువ్వాల కిందనే. దలాల్ చేతిని రెండు వైపులవాళ్ళూ నమ్మాలి. ఒకవైపు ఒక ధర నొక్కి, రెండోవైపు ఇంకో ధర నొక్కాడన్న పేరు వస్తే ఆ చేతిని మళ్ళీ ఎవరూ ముట్టరు. పైగా మార్కెట్ కమిటీ లైసెన్స్ ఉండాలి. శిక్ష పడ్డవాడికి లైసెన్స్ ఇవ్వరు.

అలాంటి దలాళ్ళు ఇద్దరు. ఒకాయన బార్కస్ బస్తీ మనిషి, భారీ శరీరం, గోరింటాకు పెట్టిన గడ్డం. ఆయన్ను పెద్దాయన అంటాను. రెండో ఆయన ఫలక్‌నుమా నుంచి, గాలి వీస్తే గోడ పట్టుకునేంత సన్నం. బక్కాయన అంటాను. వయసు వచ్చినప్పటి నుంచి కలిసి దలాలీ చేసినవాళ్ళు. ఏదో మంద దగ్గర మాటా మాటా పెరిగి బక్కాయన చేతికర్రతో పెద్దాయన భుజం మీద కొట్టాడు. పెద్దాయన పోలీసు కేసు పెట్టాడు. అలా ఒకరు ఫిర్యాదుదారు, ఒకరు నిందితుడు. రాజీకి వీలున్న మామూలు దెబ్బల కేసు.

పెద్దాయన సాక్ష్యం చెప్పాల్సిన రోజు వచ్చింది. అంతకుముందు వాయిదాకు బక్కాయన రాలేదు. వారెంట్ వేశాం. ఆ రోజు పొద్దున్నే వచ్చి, తబియత్ బాగాలేక రాలేదని లాయరుతో చెప్పించి, వారెంట్ రద్దు చేయించుకున్నాడు. కొత్త బాండు కాగితం మీద సంతకం పెట్టమన్నాను. ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేశాడు. మొదటి రోజు ఉర్దూలో ముత్యాల్లాంటి సంతకం చేసిన మనిషి.

"సంతకం వస్తది కద భాయ్, అంగూఠా ఎందుకు?" అన్నాను.

"ఏదైతేంది సాబ్, నేనే కద."

పొగరనుకున్నాను. మగవాళ్ళ వేలిముద్ర ఎడమ బొటనవేలిదే తీసుకుంటాం కాబట్టి అంతకు మించి ఆలోచించే పని పడలేదు.

మా మేజిస్ట్రేట్ మేడం అప్పటికి కొత్త. వయసులో మా పెద్దమ్మాయికి అటూ ఇటూగా ఉంటుంది. చదివిన మనిషి, పనిలో చురుకు. పాత లాయర్లు కొందరు ఆమెను పరీక్షిస్తున్న రోజులవి. ఒకాయన ఆమె మాట్లాడుతుండగానే వెనక్కి తిరిగి పక్కవాడితో నవ్వేవాడు. ఇంకొకాయన ఫోన్ మోగించుకునేవాడు. ఆమె చూసీ చూడనట్టు ఉండేది గాని, బుగ్గలు ఎర్రబడడం కింద కూర్చున్న నాకు కనపడేది.

కేసు పిలిచాను. మేడం అంతకుముందు కేసు డాకెట్ మీద సంతకాలు చేసుకుంటోంది. ప్రభుత్వం తరఫు వాదించే ఏపీపీ, గాయం సర్టిఫికెట్ ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడు. పెద్దాయన సాక్షి బోను పక్కన నిలబడ్డాడు. మా హాలు ఇరుకు. నిందితుడు నిలబడే చోటు సాక్షి బోనును ఆనుకునే ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఏడాదిగా మాటల్లేని మనుషులు. పెద్దాయన కాసేపు బక్కాయన వైపు చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి బక్కాయన కుడిచేతి మీద కప్పి, తన చేయి లోపలికి పోనిచ్చాడు.

నాకు ఉస్మాన్‌గంజ్ కళ్ళ ముందుకొచ్చింది. పెద్దాయన భుజం కొద్దికొద్దిగా కదులుతోంది. నొక్కుతున్నాడు, ఆగుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. బక్కాయన నేల చూస్తున్నాడు.

మేడం తల ఎత్తింది. "ఏం చేస్తున్నారు వాళ్ళు?"

ఆ ప్రశ్న వాళ్ళను కాదు, నన్నడిగింది. నేను లేచి నిలబడి, చిన్న నవ్వుతో "బేరం మేడం" అన్నాను.

"బేరమా?"

"తువ్వాల కింద వేళ్ళతో ధర మాట్లాడుకుంటారు మేడం. మండీ పద్ధతి." అక్కడితో ఆపినా సరిపోయేది. కళ్ళల్లో తరాజు ఉన్నవాణ్ణి కదా, ఊరుకుంటానా? "ఇంకా కుదిరినట్టు లేదు" అని కలిపాను.

హాలంతా గొల్లుమంది. వెనక్కి తిరిగి నవ్వే లాయరు ఆ రోజు ముందుకు తిరిగే నవ్వాడు.

అసలు దెబ్బ ఆ నవ్వే. చేతులు కలుపుకోవడం మేడం క్షమించేదేమో, నవ్వును క్షమించలేకపోయింది. "సాక్ష్యానికి నా కళ్ళ ముందే ధర కడుతున్నారా?" అంది. పెద్దాయన తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. మేడం కోర్టు కానిస్టేబుల్‌ను పిలిచి ఆయన్ను పక్కన కూర్చోబెట్టమంది.

కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. కోర్టు ధిక్కారం అనగానే మనకు హైకోర్టు గుర్తొస్తుంది. కాని క్రిమినల్ ప్రొసీజర్‌లో కింది కోర్టుకు కూడా చిన్న కత్తి ఒకటి ఉంది. విచారణ నడుస్తుండగా కావాలని కోర్టును అవమానించినా, పనికి అడ్డుపడినా, ఆ మనిషిని అక్కడే ఆపి, ఆ రోజు కోర్టు లేచేలోగా శిక్ష వేయవచ్చు. శిక్ష చిన్న జరిమానా, మండీలో మేకకు మెడతాడు కూడా రాని డబ్బు. ఆ మనిషి క్షమాపణ చెబితే వదిలేయవచ్చు. చట్టం పుస్తకం ఈ మధ్య మారింది, సెక్షన్ల నంబర్లు మారాయి, ఈ సంగతి మాత్రం మారలేదు. చిన్న కత్తికి ఒర ఒకటి ఉంది: శిక్షించే ముందు, నిన్నెందుకు శిక్షించకూడదో చెప్పమని ఆ మనిషిని అడగాలి. ఏ పని నడుస్తుండగా ఏ అడ్డు వచ్చిందో, ఆయన ఏమన్నాడో రాయాలి. కత్తి అందరికీ గుర్తుంటుంది. ఒర ఎక్కడ పెట్టామో మర్చిపోతాం.

మధ్యాహ్నం మేడం నన్ను చాంబర్‌లోకి పిలిచింది. కోపం దిగింది, పట్టుదల దిగలేదు. "నాకూ శిక్ష వెయ్యాలని లేదు. క్షమాపణ రాసిమ్మనండి, వదిలేద్దాం" అంది. నేను చెప్పినదాని మీద నడిచిన కథ కాబట్టి, ముగించే బాధ్యత కూడా నాదే అనిపించింది. పైగా బేరం. ఒప్పుకున్నాను.

పెద్దాయన వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన కానిస్టేబుల్, ఎదురుగా మా అటెండర్. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"చాచా, మేడం మంచామె. నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు, ఇంటికి పో."

"ఏం రాయాలె?"

"కోర్టుల గట్ల చేసుడు తప్పయింది, మాఫ్ చెయ్యుండ్రి అని."

"తప్పు చెయ్యలేదు సాబ్."

నేను లోపలికి వెళ్ళి, పెద్దమనిషి మేడం, రాతకోతలకు భయపడుతున్నాడు, నోటితో చెబితే సరిపోదా అన్నాను. మేడం సరేనంది. బయటికొచ్చాను.

"రాసుడు వద్దు చాచా. నోటితోని అను. తెలియక జరిగింది అను, చాలు."

"తెలిసే చేసిన."

మళ్ళీ లోపలికి. మళ్ళీ బయటికి. ఒకవైపు మేడంను తగ్గిస్తున్నాను, ఒకవైపు ఈయన్ను ఎక్కిస్తున్నాను. ఇద్దరి మధ్య దలాల్ పని నేనే చేస్తున్నాను, తువ్వాల ఒక్కటే తక్కువ.

"సరే, ఏం అనకు. ముంగట నిలవడి దండం వెట్టు. మిగిలింది నేను జెప్త."

పెద్దాయన నా ముఖంలోకి చూసి గడ్డం నిమురుకున్నాడు. "అప్పటి సంది చూస్తున్న సాబ్. నేను అడగకముందే ధర దింపుకుంట వస్తున్నవ్. గిట్ల దింపితె మాల్‌ల ఏదో ఖోట్ ఉన్నదని మా మండీల గొల్లాయన గూడ పసిగడ్తడు."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. అటెండర్ ఆపుకోలేదు. "సార్ నోరు ఉస్మాన్‌గంజ్ నోరు చాచా. ఎవలు అడగకున్న రేటు జెప్తది" అన్నాడు.

నాకు కొంచెం పౌరుషం వచ్చింది. "ఇగో చాచా, ఇయ్యాల శిక్ష వడితె లైసెన్స్ వోతది. బక్రీద్ సీజన్ వస్తున్నది. ఒక్క మాటకు గింత జిద్దా?"

అప్పుడు ఆయన నవ్వడం మానేశాడు. తన కుడిచేయి చాపి నాకు చూపించాడు. వేళ్ళు లావుగా, గోళ్ళు కురచగా ఉన్నాయి. "లైసెన్స్ కాగితం సాబ్. ఇయ్యాల వోతది, రేపు వస్తది. మాఫీ అడిగితె, అవును, బేరం చేసిన అని ఒప్పుకున్నట్టే. సాక్ష్యం అమ్మజూసిన చెయ్యి అంటరు. ఇగ గీ చెయ్యి ఎవలు వట్టుకుంటరు?"

"మరి బేరం కాదా?" అని నేను అడగలేదు. నాకు తెలుసు కదా. కళ్ళారా చూశాను కదా. ఆ మాట నోటి చివరిదాకా కూడా రాలేదు.

లోపలికి వెళ్తుంటే వరండా మూలన బక్కాయన ఎదురొచ్చాడు. కుడిచేతిని ఎడమచేత్తో పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. "సాబ్, ఆయనకు నేను జెప్పిన, చెప్పెయ్యి అని. ఇంటలేడు. నన్ను పిలువుండ్రి లోపటికి. మేడంకు నేను జెప్త."

"నువ్వు నిందితునివి భాయ్. ఇందుల నీకేం పని? చెప్పేదుంటే నీ లాయరుతోని చెప్పించు."

"లాయర్‌తోని చెప్పే ముచ్చట గాదు."

"అయితే కూసో" అన్నాను. ఆయన కూర్చున్నాడు. లాయరుతో చెప్పించలేని ముచ్చట ఏమై ఉంటుందని ఇంకెవరైనా ఆగేవారేమో. నేను బేరం హడావిడిలో ఉన్నాను.

సాయంత్రం కోర్టు లేచే వేళ మేడం పెద్దాయనను ముందుకు పిలిచింది. "క్షమాపణ చెబుతారా, చెప్పరా?"

"చెప్పను మేడం."

అంతే అడిగింది. అంతే చెప్పాడు. స్టెనోకు ఆర్డర్ చెప్పింది: సాక్షి నిండు కోర్టులో నిందితుడితో తువ్వాల కింద 'బేరం' చేస్తూ కోర్టును అవమానించాడు, క్షమాపణకు నిరాకరించాడు, కాబట్టి జరిమానా. పెద్దాయన జేబులోంచి డబ్బు తీసి కట్టాడు. రసీదు అడిగి తీసుకున్నాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర బక్కాయన ఆయన వెనక నడిచాడు, మాట్లాడుకున్నారో లేదో నాకు కనపడలేదు.

తర్వాతి లోక్ అదాలత్‌లో వాళ్ళ దెబ్బల కేసు రాజీ అయిపోయింది. ధిక్కారం శిక్ష మాత్రం మిగిలింది. నేను చెప్పినట్టే మార్కెట్ కమిటీ లైసెన్స్ పొడిగించలేదు. ఆ బక్రీద్ సీజన్లో పెద్దాయన మండీ గేటు బయట చాయ్ బండి దగ్గర కూర్చున్నాడని, లోపలికి కాలు పెట్టలేదని మా అటెండర్ చెప్పాడు. సెషన్స్ కోర్టులో అప్పీలు వేసుకున్నాడు, అక్కడ ఓడిపోయాడు. ఇంకో సీజన్ కూడా పోయింది. లాయరమ్మ ఒకామె, చిన్న వయసు, మొండిది, అతి తక్కువ ఫీజుకు హైకోర్టులో రివిజన్ వేసింది. ఒక మాట అంటే పోయేదానికి ఈయన ఇంత దూరం పోవడం నాకు అర్థం కాలేదు. చిల్లర బేరానికి లారీ కిరాయి పెట్టుకోవడం అనుకున్నాను.

హైకోర్టు మా రికార్డు అసలు ప్రతి తెమ్మంది. కట్ట తీసుకుని నేనే వెళ్ళాను. వెనక వరసలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు, సలాం కొట్టాడు, నేనూ కొట్టాను.

జడ్జిగారు డాకెట్ తిరగేశారు. గొంతు పెంచని మనిషి. ప్రభుత్వ న్యాయవాదిని ఒక్కొక్కటే అడిగారు. ఆ సమయంలో కింది కోర్టులో నడుస్తున్న పని ఏమిటి? ఈ కేసా, అంతకుముందు కేసా? సాక్షితో ప్రమాణం చేయించారా? రికార్డులో లేదన్నాడు న్యాయవాది. తువ్వాల కింద జరిగింది ఎవరికీ కనపడదు కదా, అది బేరమని కోర్టుకు ఎలా తెలిసింది? అది కూడా రికార్డులో లేదు. న్యాయవాది మెల్లగా నా వైపు తిరిగాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఈయన ఏమన్నాడు?"

"క్షమాపణ చెప్పనన్నాడు."

"అది కాదు. ఏం చేస్తున్నావని అడిగితే ఏమన్నాడు?"

న్యాయవాది కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పాడు. "అడిగినట్టు లేదండీ."

నా ఉద్యోగంలో ఎన్నో తీర్పులు విన్నాను. నాకు తగిలింది ఆ ఒక్క జవాబే. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆ మనిషి చుట్టూ తిరిగాం. మేడం అడిగింది, నేను అడిగాను, కానిస్టేబుల్ అడిగాడు, అటెండర్ కూడా అడిగాడు. అందరం అడిగింది మాకు కావలసిన మాట ఇస్తావా అని. ఏం చేశావయ్యా అని ఒక్కరం అడగలేదు. సరుకు ఏమిటో చూడకుండా ధర మాట్లాడేవాణ్ణి మా నాన్న దుకాణం మెట్లెక్కనిచ్చేవాడు కాదు.

శిక్ష కొట్టేశారు. జరిమానా వాపసు ఇవ్వమన్నారు. తీర్పు సారాంశం మీ కోసం నా మాటల్లో చెబుతాను: కోర్టు మర్యాద కాపాడుకోవడం అవసరమే, కాని ఆ పనికి ఇచ్చిన అధికారం ఎంత తొందరగా వాడదగ్గదో అంత జాగ్రత్తగా వాడాలి. క్షమాపణ చెబుతావా అని అడగడం, సంజాయిషీ అడిగినట్టు కాదు. మొదటిది నేరం జరిగిందని ముందే అనుకుని అడిగేది. ఏ పనికి అడ్డు వచ్చిందో, అది కావాలని చేసిందో కాదో రాయనప్పుడు, 'బేరం' అన్న ఒక్క మాట మీద నేరం నిలబడదు. అదే, కొటేషన్ గుర్తుల్లో ఉన్న నా మాట.

తీర్పు రిజర్వు చేయలేదు, అప్పుడే చెప్పేశారు. బయటికి వచ్చాక పెద్దాయన గేటు దగ్గర నా కోసం ఆగాడు. "చాయ్ తాగుదాం పా సాబ్" అన్నాడు. మదీనా వైపు నడిచి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ, రెండేళ్ళుగా నన్ను తింటున్నది అడిగాను. అదీ నా పద్ధతిలోనే అడిగాను.

"చాచా, ఇప్పుడు కేసు అయిపోయింది. దాస్కునేదేం లేదు. ఆనాడు బేరం ఎక్కడిదాంక వచ్చింది?"

ఆయన సాసర్ పక్కకు జరిపాడు. "దోస్తుకు లఖ్వా కొట్టింది సాబ్. కుడి చెయ్యి వడిపోయింది."

నేను ముంచిన బిస్కెట్ చాయ్‌లో జారిపోయింది.

"ఎవలికి చెప్పలే ఆయన. జేబుల వెట్టుకొని తిరిగిండు. దలాల్‌కు చెయ్యి వోయిందంటె ఇగ మండీల ఏమున్నది? నాకు అందరికంటె ముందు ఎవలో చెవుల ఏసిండ్రు. నేను నమ్మలే. ఆనాడు కోర్టుల పక్కకు నిలవడ్డడు. అడిగితె అబద్ధం జెప్తడు. గందుకే తువ్వాల కప్పి చెయ్యి వట్టుకున్న. ఒక్క వేలు నొక్కిన. నొక్కుత, చూస్త. నొక్కుత, చూస్త. జవాబ్ వస్తలేదు."

నేనన్న మాట నాకు వినపడింది. ఇంకా కుదిరినట్టు లేదు.

"నిన్ను కర్రతోని కొట్టిన మనిషి కద" అన్నాను.

"కొట్టిండు. కేసు వెట్టిన. అది వేరె. చెయ్యి వేరె."

"ఆయన నా దగ్గరికొచ్చి, నేను జెప్త లోపటికి పిలువు అన్నడు."

"తెల్సు. పిలువకుండ మంచి చేసినవ్. అంత మంది ముంగట చెప్పిచ్చేటోనివి." ఇప్పుడు మండీ అంతటికీ తెలిసిపోయింది కాబట్టి తాను చెబుతున్నానని కూడా అన్నాడు.

నాకు ఒక లెక్క తేలలేదు. "ఒకవేళ మేడం ఆనాడు అడిగిందే అనుకో. చాచా, ఏం చేస్తున్నవ్ అని మంచిగ అడిగింది. చెప్పేటోనివా?"

"చెప్పేటోణ్ణి గాదు."

"మరి? అడిగినా అడగకున్నా ఒక్కటే గద! గింత దూరం ఎందుకొచ్చినవ్?"

పెద్దాయన చాయ్ పూర్తి చేసి, తువ్వాలతో గడ్డం తుడుచుకున్నాడు. "చెప్పుడు చెప్పకపోవుడు నా ఇష్టం సాబ్. గని అడుగాలె కద."

చాయ్ డబ్బులు ఆయనే ఇచ్చాడు. నేను మర్యాదకు జేబులో చేయి పెట్టి, బయటికి తీయడంలో ఆలస్యం చేశాను. ఆ సంగతి ఆయన చూశాడు కూడా.

హైకోర్టు ఆర్డర్ మా కోర్టుకు వచ్చిన రోజు మేడం చాంబర్‌లో రెండుసార్లు చదివింది. నన్ను పిలిచింది. "ఆ రోజు మీరు బేరం అన్నారు. మీకెలా తెలుసు?"

"చూశాను మేడం."

"తువ్వాల కప్పి ఉంది కదా."

"అవును మేడం."

ఆమె ఆర్డర్ బల్ల మీద పెట్టి, "ఈ ప్రశ్న కూడా ఆ రోజే అడగాల్సింది" అంది. పెద్దాయన నాకు చాయ్ హోటల్లో చెప్పింది ఆమెకు చెబుదామా అని నోరు తెరిచి, మూసుకున్నాను. ఆమె అడగలేదు. అడగనిదానికి రేటు చెప్పడం అప్పటికి కొంచెం తగ్గించాను. ఆమె ఆ ఆర్డర్ ప్రతి ఒకటి తీయించి టేబుల్ అద్దం కింద పెట్టుకుంది. బదిలీ అయి వెళ్ళేదాకా ఎంత కోపం వచ్చినా, ఎదుటి మనిషితో ముందు ఒక మాట అనేది: "ఏం జరిగిందో చెప్పండి." ఆ తర్వాతే కోపం.

నేను రిటైరయ్యాక ఒక బక్రీద్ ముందు మేకల మండీకి వెళ్ళాను. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండరు. మేకల మధ్య నన్ను చూసి ఒకరిద్దరు దలాళ్ళు ముచ్చటపడి ధరలు చెప్పారు. నేను అలవాటు కొద్దీ సగానికి అడిగాను. అదృష్టం బాగుండి ఎవరూ ఒప్పుకోలేదు.

పెద్దాయన చొక్కా జేబుకు కొత్త లైసెన్స్ బిళ్ళ వేలాడుతోంది. పక్కనే బక్కాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా మందతో ఒక గొల్లాయన ఓపికగా నిలబడ్డాడు. పెద్దాయన తువ్వాల తీసి బక్కాయన కుడిచేతి మీద కప్పాడు, తన చేయి లోపలికి పోనిచ్చాడు. భుజం కొద్దికొద్దిగా కదులుతోంది. నొక్కుతున్నాడు, ఆగుతున్నాడు. బక్కాయన ఈసారి నేల చూడడం లేదు, తువ్వాల వైపే చూస్తున్నాడు. ఇద్దరిలో ఎవరి ముఖమూ నాకేమీ చెప్పలేదు.

కొనడానికి వచ్చిన ఒకాయన నా పక్కన నిలబడి చూస్తున్నాడు. మోచేత్తో పొడిచి, "ఏం చేస్తున్నరన్నా వాళ్ళు? బేరమా?" అన్నాడు.

"నాకు తెల్వదు భాయ్" అన్నాను. "పొయ్యి వాళ్ళనే అడుగు."